సంన్యాసము కోరిన విద్యార్థి: యల్లాప్రగడ సుబ్బారావుగారు

విద్యకొరకు పరదేశమునకు పోవుట నేడు తెలుగువారికి క్రొత్త విషయము కాదు. కోస్తాలోను, రాయలసీమలోను, తెలంగాణములోను ఎన్నో కుటుంబములనుండి యువకులు, యువతులు సముద్రములు దాటి పోవుచున్నారు. కాని పోయిన మొదటి సంవత్సరము ఎట్లు గడచునో పోయినవారికే ఎరుక. వెంట తెచ్చుకొన్న ధనము దినదినము తరిగిపోవును. ఇక్కడ కష్టించి సంపాదించిన పట్టమునకు అక్కడ పూర్తి విలువ యుండదు. ఇక్కడ పదిమంది మన్నించిన మనుష్యుడు అక్కడ తన పేరునైనను సరిగా పలుకగలవారు లేక అపరిచితుడై నిలుచును. అట్టి దినములలో మనుష్యుడు తనకు తానే పరీక్షాధికారి యగును. తనలో నిలుకడ గలది ఏది, అలవాటువలన మాత్రము అంటియున్నది ఏది అనునది అప్పుడే తేలును.

నూరేండ్లకు పూర్వము, 1923వ సంవత్సరము అక్టోబరు నెలలో, ఒక తెలుగు వైద్యుడు అమెరికా దేశమున బోస్టను నగరపు రేవులో ఇట్లే దిగెను. ఆయన చేతిలో ధనము లేదు. వెనుక అప్పులును, ఆశలు పెట్టుకొన్న కుటుంబమును గలవు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు. తరువాతి కాలమున ఆయన కృషివలన వెలువడిన ఔషధములు లోకమంతటను లెక్కకు మిక్కిలియైన ప్రాణములను కాపాడినవి. అయినను ఆయన మొదట కోరినది విజ్ఞానము కాదు, కీర్తి అంతకంటెను కాదు. ఆయన కోరినది సంన్యాసము. కోరిన ద్వారము మూసికొనినపుడు ఆయన ఏమి చేసిరో, వేరొక ద్వారమున ప్రవేశించి అక్కడ ఎట్లు నిలిచిరో తెలిసికొనుట మనకు మేలు కలిగించును.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. అంతకు ముప్పదిరెండు సంవత్సరములకు పూర్వము అదే తేదీన కలకత్తాలో స్వామి వివేకానందులు జన్మించియుండిరి. తండ్రి జగన్నాథముగారు అనారోగ్యముచే ముందుగనే ఉద్యోగమును విడువవలసి వచ్చుటచే కుటుంబము ఇబ్బందులపాలయ్యెను. భారమంతయు తల్లి వేంకమ్మగారిమీద పడెను. ఆమె పట్టుదల గల ఇల్లాలు. కుమారుడు చదువుకొని పైకి రావలెనన్నదే ఆమె దీక్ష. కుమారునకు మాత్రము ఆ వయసున చదువుమీద మనసు లేదు. పదుమూడేండ్ల ప్రాయమున కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని తలచి ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి వెదకించి వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము మదరాసులోని హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను.

మదరాసులో చదువుచున్న ఆ దినములలోనే ఆయన మనస్సు మైలాపురమునందలి శ్రీరామకృష్ణ మఠమువైపు తిరిగెను. సంసారమును విడిచి సేవావ్రతమున చేరవలెనని దృఢముగా కోరెను. మఠమునందలి పెద్దలు తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనమనిరి. తల్లి అంగీకరింపలేదు. ఎన్నో కష్టములకు ఓర్చి చదివించిన కొడుకును వదలుకొనుటకు ఆమెకు మనసొప్పలేదు. అప్పుడు మఠమువారు ఆయనకు మరియొక మార్గము చూపిరి. వైద్యవిద్య నేర్చినచో రోగులకు సేవచేయు భాగ్యము కలుగును. మిషను నడుపు వైద్యశాలలకు వైద్యులు అవసరము. ఆ మాట ఆయనకు నచ్చెను. సుబ్బారావుగారు మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. వైద్యము వారికి జీవనోపాధిగా రాలేదు, సంన్యాసమునకు బదులుగా వచ్చినది. ఈ సంగతి మరచినచో వారి తరువాతి జీవితము మనకు అర్థము కాదు.

ఆ కాలముననే దుర్వారమైన దుఃఖము వారి యింట ప్రవేశించెను. సోదరులిద్దరు కొద్ది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధివలన మరణించిరి. ఉష్ణదేశములలో కనిపించు ఈ వ్యాధిలో ప్రేవులు ఆహారసారమును గ్రహింపలేవు; విరేచనములతో రోగి నానాటికి క్షీణించి రక్తహీనుడగును. దీనికి అప్పటి వైద్యశాస్త్రమున సరియైన మందు లేదు. వైద్యము చదువుచున్న సుబ్బారావుగారు చేయగలిగినది ఏమియు లేకపోయెను. తెలియని దానిని తెలిసికొనవలెనన్న తపన వారిలో నాటికి అగ్నివలె రగుల్కొనెను.

1919లో వారికి అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహము జరిగెను. మామగారు చదువునకు తోడ్పడిరి. కాని కళాశాలలో మరియొక ఆటంకము కాచుకొనియుండెను. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో పోయిరి. అక్కడి ఆంగ్లేయ ఆచార్యునకు అది సహింపరానిదయ్యెను. తత్ఫలితముగా, పరీక్షలు బాగుగా వ్రాసినను, వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ప్రయత్నించినను ఉద్యోగము దొరకలేదు. అప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధించు పనిలో చేరి, మన ప్రాచీన ఔషధములను ఆధునిక పద్ధతులతో పరీక్షింపవలెనని ఉత్సాహపడిరి. ఆ పద్ధతులు నేర్చుటకు దేశాంతరమునకు పోవలెనను ఆలోచన అక్కడనే బలపడెను. మదరాసు వచ్చిన ఒక అమెరికను వైద్యుని పరిచయము దానికి దోహదము చేసెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ కొంత సహాయము చేసెను. మామగారు మరికొంత సమకూర్చిరి. భార్యను పుట్టింట విడిచి సుబ్బారావుగారు ఓడ ఎక్కిరి.

ఆ సంవత్సరమున అమెరికాకు పోవుట ఎట్టిదో గమనింపదగును. 1917లో చేసిన చట్టముచే ఆసియా వాసులలో అధికసంఖ్యాకులకు ఆ దేశపు తలుపులు మూయబడెను. విద్యార్థులకు మాత్రము సందు మిగిలెను. 1923 ఫిబ్రవరిలో ఆ దేశపు సుప్రీముకోర్టు, భారతీయులు అమెరికా పౌరులగుటకు అర్హులు కారని తీర్పు చెప్పెను. సుబ్బారావుగారు దిగినది ఆ తీర్పు వెలువడిన కొన్ని నెలలకే. చదువుకొనుటకు అనుమతి కలదు. ఆ దేశమును తనదని చెప్పుకొనుటకు హక్కు లేదు. పాతికేండ్లు అక్కడ పనిచేసినను వారు పౌరులు కాకయే గడపిరి.

వారు చేరినది హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి ఉష్ణదేశవైద్య విభాగము. డాక్టరు రిచర్డు స్ట్రాంగు దానికి అధ్యక్షుడు. చదువునకు చోటు దొరకినది గాని అన్నమునకు దారి లేదు. మదరాసులో పొందిన పట్టముతో అక్కడ వైద్యము చేయుటకు వీలులేదు. అందుచే వైద్యకళాశాలకు ప్రక్కనే యున్న పీటరు బెంటు బ్రిగం వైద్యశాలలో రాత్రివేళ పనివానిగా చేరిరి. పడకనుండి లేవలేని రోగుల మలమూత్రపాత్రలు తీసి కడుగుట, గదులు శుభ్రపరచుట వారి పని. పగలు ఆచార్యుల ఎదుట కూర్చుండి సూక్ష్మదర్శినిలో రోగక్రిములను పరీక్షించుట, రాత్రి రోగుల పాత్రలు కడుగుట. ఈ రెండింటి నడుమ దొరకిన కొద్ది వేళలోనే నిద్ర.

ఇచ్చట చదువరులు క్షణము నిలిచి యోచింపవలెను. ఆయన వైద్యుడు, తన దేశమున విద్యార్థులకు పాఠములు చెప్పినవాడు, అంటుముట్టులు మిక్కుటముగా పాటించు బ్రాహ్మణ కుటుంబములలో పుట్టినవాడు. ఆ పనిని స్వగ్రామమున చేసియుండినచో బంధువులు ఏమనియుండెడివారో ఊహించుట కష్టము కాదు. ఆయన దానిని చేసిరి, విడువక చేసిరి. అది దారిద్ర్యముచే చేసినదే. దానిని తపస్సని అలంకరించి చెప్పుట సరికాదు. కాని పూర్వము మఠమును ఆశ్రయించినపుడు ఆయన కోరినది రోగులకు సేవచేయుటయే గదా! ఆ కోరిక మైలాపురమున తీరలేదు. ఎవరును తన పేరెరుగని దూరదేశమున, ఎవరును మెచ్చుకొనని రూపమున, రాత్రివేళ అది తీరెను. సేవను గూర్చి చదువుట వేరు, చేయుట వేరు. ఒక్కొక్కప్పుడు మనము వేడుకొన్నదే మనకు లభించును గాని మనము గుర్తింపలేని వేషములో వచ్చును.

ముప్పదియేండ్లకు పూర్వము, 1893లో, స్వామి వివేకానందులు కూడ బోస్టను ప్రాంతమున ఇట్లే చేతిలో ధనము తరిగి సంచరించిరి. హార్వర్డులో గ్రీకుభాషాచార్యుడైన జాను హెన్రీ రైటు వారిని గుర్తించి విశ్వమత మహాసభకు దారిచూపెను. 1896లో స్వామీజీ అదే విశ్వవిద్యాలయమున వేదాంతమును గూర్చి ప్రసంగించిరి. సుబ్బారావుగారికి అట్టి సభలు లేవు. వారిని గుర్తించినది వారి పని మాత్రమే.

1924లో ఉష్ణదేశవైద్యమున డిప్లొమా లభించెను. చాలమంది అంతటితో స్వదేశమునకు మరలెడివారు. సుబ్బారావుగారు జీవరసాయన విభాగమున పరిశోధక విద్యార్థిగా చేరిరి. ఆ విభాగాధిపతి ఆటో ఫోలిను. ఆయనయు పరదేశియే, స్వీడనునుండి పదునైదేండ్ల బాలుడుగా వచ్చి స్వయంకృషిచే ఆచార్యుడైనవాడు. ఆయన క్రింద సైరసు ఫిస్కెతో కలిసి పనిచేయుటకు సుబ్బారావుగారిని నియోగించిరి. వారికి అప్పగించిన పని చూచుటకు స్వల్పము: రక్తమునందును మూత్రమునందును ఉన్న భాస్వరమును కొలుచుటకు సులభమైన పద్ధతిని కనుగొనుట. దీనికి వారు రంగును సాధనముగా గైకొనిరి. కొన్ని రసాయనములను చేర్చినపుడు ద్రవము నీలవర్ణము దాల్చును. భాస్వరము ఎంత యెక్కువయో నీలిమ అంత గాఢము. తెలిసిన పరిమాణము గల ద్రవముతో ఆ రంగును పోల్చి లెక్కకట్టవచ్చును. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ఇద్దరి పేర్లతో నేటికిని ప్రసిద్ధము. ప్రపంచమునందలి ప్రయోగశాలలలో అనేక దశాబ్దములు విద్యార్థులు దీనిని అభ్యసించిరి.

అసలు ఫలము ఆ పద్ధతినుండి కాక, అది తప్పినట్లు కనబడిన చోటినుండి వచ్చెను. కండరములనుండి తీసిన రసమును పరీక్షించునపుడు నీలవర్ణము రావలసినంత త్వరగా రాలేదు, మెల్లమెల్లగా ముదిరెను. తొందరపడువారైనచో రసాయనములు చెడినవనియో, చేయి తప్పినదనియో తలచి పారబోసి మరల మొదలిడియుందురు. వారు ఆ ఆలస్యమును పట్టుకొని విచారించిరి. కండరములో భాస్వరము ఏదో మరియొక పదార్థముతో కలిసియున్నదనియు, ఆమ్లము తగిలినపుడు నెమ్మదిగా విడివడుచున్నదనియు తేలెను. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. 1927లో దానిని ప్రకటించిరి. అదే కాలమున ఇంగ్లండులోని పరిశోధకులు కూడ స్వతంత్రముగా దీనిని కనుగొనిరి. అంతకుముందు 1922లో నోబెలు బహుమానము పొందిన సిద్ధాంతమున కండరముల బలమునకు మూలము లాక్టికామ్లమని చెప్పబడియుండెను. ఆ భావము మారవలసి వచ్చెను. 1929లో ఫిస్కె సుబ్బారావులు ఎ.టి.పి. అను మరియొక పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమను అనునాతడు కూడ దీనిని కనుగొనెను. ప్రతి జీవకణమునందును శక్తిని నిలువచేసి వ్యయపరచునది ఇదియేయని తరువాత స్థిరపడెను. మనము చేయి కదపుటకును, గుండె కొట్టుకొనుటకును ఇది కావలెను. 1930లో హార్వర్డు వారికి పి.హెచ్‌డి. పట్టము నొసగెను. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పిన బాలుని ప్రయాణము అంతవరకు సాగెను.

కాని ఈ ప్రయాణమునకు వెల ఎవరు చెల్లించిరో చెప్పనిచో కథ అసత్యమగును. సుబ్బారావుగారు బయలుదేరిన పిమ్మట వారికి కుమారుడు కలిగి శైశవమునందే మరణించెను. తండ్రి బిడ్డను చూడనేలేదు. శేషగిరిగారు భర్త వచ్చునని ఎదురుచూచిరి. ఒక పరిశోధన ముగియులోపల మరియొకటి మొదలగుచుండెను, సంవత్సరములు దశాబ్దములయ్యెను. వారు స్వదేశమునకు తిరిగి రానేలేదు. తల్లి అడ్డుపడి సంన్యాసమును ఆపినది. కాని కార్యదీక్ష వారిని గృహమునుండి సంన్యాసము కంటెను దూరముగ కొనిపోయెను. సంన్యాసి ఆప్తుల అనుమతి నడిగి పోవును. శేషగిరిగారు అనుమతించినది కొన్ని సంవత్సరముల యెడబాటునకే గాని జన్మాంతమునకు కాదు. మహాకార్యములను స్తుతించునపుడు వాటి వెనుక ఇండ్లలో నిరీక్షించినవారిని మరచుట మనకు పరిపాటి. ఈ చరిత్రలో తెలుగునాట నిశ్శబ్దముగా సాగిన ఆ తపస్సును కూడ మనము స్మరింపవలెను.

హార్వర్డులో వారికి స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్లు రివరు అను ఊరిలోని లెడర్లీ ఔషధ సంస్థలో చేరి కొద్దికాలమునకే పరిశోధనాధ్యక్షులైరి. అక్కడ గడపిన ఎనిమిది సంవత్సరములలో వారి నాయకత్వమున జరిగిన పనిని ఇచ్చట మూడు విషయములలో చెప్పుదుము.

మొదటిది ఫోలికామ్లము. 1931లో లూసీ విల్సు అను ఆంగ్లేయ వైద్యురాలు, బొంబాయిలో గర్భిణీస్త్రీలకు వచ్చు రక్తహీనత ఈస్టు సారముచే తగ్గుటను కనిపెట్టియుండెను. అందున్న పదార్థము ఏదియో తెలియదు. సుబ్బారావుగారి బృందము దానిని వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది మందుగా పనిచేసెను. సోదరులను బలిగొన్న వ్యాధి యిదియే. మందు దొరకునప్పటికి వారు పోయి ఎన్నో ఏండ్లు గడచినవి. నేడు గర్భవతులకు గ్రామ ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఉండునది ఈ ఫోలికామ్లమే.

రెండవది దానికి వ్యతిరేకముగా పనిచేయు పదార్థములు. ఫోలికామ్లమును పోలియుండి, కణములను మోసగించి వాటి వృద్ధిని ఆపు అమినోప్టెరిను, మెథోట్రెక్సేటు అనునవి లెడర్లీలో తయారైనవి. 1947, 1948 సంవత్సరములలో బోస్టనునందలి పిల్లల వైద్యశాలలో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు కేన్సరుతో మరణింపనున్న పసివాండ్రకు అమినోప్టెరినును ఇచ్చి చూచెను. వ్యాధి కొంతకాలము తగ్గుముఖము పట్టెను. అంతవరకు ఆ వ్యాధికి ఏ మందును లేదు. ఆ వైద్యశాల, సుబ్బారావుగారు రాత్రులు పాత్రలు కడిగిన వైద్యశాలకు కూతవేటు దూరములో నున్నది.

మూడవది మన గోదావరీ, కృష్ణా మండలముల వారికి మిక్కిలి సన్నిహితమైనది. బోదకాలు వ్యాధికి 1947లో హెట్రజాను అను మందును వారి బృందము లోకమున కిచ్చెను. దోమలవలన వ్యాపించు ఈ వ్యాధి కోస్తా పల్లెలలో ఎందరి కాళ్లను వికృతము చేసెనో పెద్దలెరుగుదురు. బోదకాలు నిర్మూలనకై ప్రభుత్వము ఇంటింట పంచు మాత్రలలో ఇదియే ముఖ్యము. ఆయన స్వదేశమునకు రాలేదు గాని ఆయన మందు భీమవరము వీధులకు వచ్చినది.

డెబ్బదియేండ్లు దాటి విశ్వవిద్యాలయమునుండి విరమించిన బెంజమిను డగ్గరును సంస్థలో చేర్చుకొని, ఆయన ద్వారా ఆరియోమైసిను అను సూక్ష్మజీవనాశక ఔషధమును వెలువరించుటకును సుబ్బారావుగారే కారకులు. 1948లో అది ప్రకటింపబడెను. అట్టి సందర్భములందు సహచరులను ముందు నిలిపి తాము వెనుక నుండుట వారి స్వభావము. ఆ సంవత్సరమే ఆగస్టు నెలలో, ఏబదిమూడేండ్ల వయసున, నిద్రలోనే గుండె ఆగి వారు దేహము చాలించిరి. 1995లో వారి శతజయంతికి భారతప్రభుత్వము తపాలాబిళ్లను విడుదల చేసెను. అయినను వారి మందులు మ్రింగినవారిలో వారి పేరెరిగినవారు అరుదు.

నేడు పరదేశమున విద్యార్థిగా మొదటి శీతకాలము గడపుచున్న యువకులకు ఈ చరిత్ర ఏమి చెప్పును? గొప్పవారగుదురని వాగ్దానము చేయదు. అట్టి వాగ్దానము సుబ్బారావుగారికి కూడ ఎవరును చేయలేదు. చేతికి వచ్చిన పని తక్కువదైనను దానిని మనసుపెట్టి చేయవచ్చుననియు, అనుకొన్న ఫలము రానిచోట ఓపికతో నిలిచి చూచినచో సత్యము అక్కడనే దాగియుండవచ్చుననియు చెప్పును. ఇంటివద్ద ఎదురుచూచుచున్న వారికి ఒక ఉత్తరము వ్రాయుట మరవవలదని కూడ చెప్పును. కాషాయము దొరకని ఒక మనుష్యుడు రోగి పడకప్రక్కను, ప్రయోగశాలలోని నీలిరంగు ద్రవము ఎదుటను తన వ్రతమును నెరవేర్చుకొనెను. మన మన స్థానములలో మనకు దొరకిన పనిని ఆ శ్రద్ధతో చేయు శక్తిని భగవంతుడు మనకు ప్రసాదించుగాక!